మనం, మేం, వాడు

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం రాత్రి, మా టీమ్‌లో ఒక కుర్రాడు స్టేజింగ్ అనుకుని ప్రొడక్షన్ డేటాబేస్ మీద స్క్రిప్ట్ నడిపాడు. ఆర్డర్ల టేబుల్లో ఒక కాలమ్ మొత్తం ఖాళీ అయిపోయింది. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకునేసరికి తెల్లారింది. నష్టం మరీ పెద్దదేం కాదు. కానీ సోమవారం కాల్‌లో మా పై మేనేజరు "ఎవరు చేశారిది?" అని అడిగితే, ఆ కుర్రాడి పేరు చెప్పాను.

నేను చెప్పింది నిజమే. లాగ్‌లో ఉన్నది కూడా అతని పేరే. చెప్పనిది ఏంటంటే, ఆ స్క్రిప్ట్‌ని గురువారం సాయంత్రం రివ్యూలో అప్రూవ్ చేసింది నేను. చదవలేదు. క్యాబ్ వచ్చిందని ఫోన్‌లోనే బటన్ నొక్కేశాను. ఇంకోటి కూడా ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి ప్రొడక్షన్‌లో రాసే పర్మిషన్ తీసెయ్యాలన్న పని ఆర్నెల్లుగా మా జాబితాలో పడి ఉంది. ప్రతి స్ప్రింట్‌లోనూ దాన్ని వెనక్కి నెట్టింది కూడా నేనే.

ఒక్క అబద్ధం చెప్పకుండా కూడా మనిషి పిరికితనం చెయ్యగలడని ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు. టీమ్ తప్పుని లీడ్ తన మీద వేసుకోవడం నిజాయితీయేనా? లేక అదీ ఒక రకం అబద్ధమేనా?

లీడర్‌షిప్ ట్రైనింగుల్లో తరచూ చెప్పే కథ మీకూ తెలిసే ఉంటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్సెల్వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలామ్. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. పత్రికలవాళ్ళ ముందుకొచ్చి బాధ్యత తీసుకున్నది ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం, మాట్లాడమని కలామ్‌ని ముందుకి పంపారు.

ఈ కథని అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యం అనిపించేది దీని తర్వాతి భాగం. మొదటి ప్రయోగంలో కంప్యూటర్ ఆపమన్నా ముందుకే వెళ్ళాలని నిర్ణయించింది తనేనని కలామ్ తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. అంటే ధవన్ ఆ తప్పుని దాచెయ్యలేదు. అది బయటికి రావడానికి ఒక చోటు, కొంత సమయం ఇచ్చారు. ఎవరి చేతి మీదుగా జరిగింది అన్నదొక ప్రశ్న, ఎవరు జవాబు చెప్పాలి అన్నది ఇంకో ప్రశ్న. మా మేనేజరు అడిగింది మొదటిదే. కానీ లీడ్‌గా నా జవాబు రెండోదానికి ఉండాల్సింది.

ఈ విషయంలో మన భాష ఇంగ్లీషు కంటే కచ్చితంగా ఉంటుంది. ఆఫీసు ఇంగ్లీషులో "వియ్" అనేస్తే సరిపోతుంది, అందులో ఎవరున్నారో ఎవరూ అడగరు. తెలుగులో నోరు తెరిచే ముందే తేల్చుకోవాలి, మనమా, మేమా అని. "మేం పొరపాటు చేశాం" అని పైవాళ్ళతో అంటే ఆ మాటలో నేనూ ఉంటాను. "మనం ఎక్కడ పొరపాటు చేశాం?" అని టీమ్‌తో అంటే వాళ్ళ పక్కన కూర్చుంటాను. "వాడు చేశాడు" అంటే ఎక్కడా ఉండను.

అలాగని "మనం" ఎప్పుడూ మంచిదేం కాదు. "ఈ వీకెండ్ మనం కూర్చుని పూర్తి చేద్దాం" అని చెప్పి శనివారం ఫోన్ ఎత్తని మేనేజర్లు మీకూ తగిలే ఉంటారు. నా కొలత ఒకటే: ఆ మాట అన్నవాడికి దానివల్ల ఏమైనా ఖర్చవుతోందా, లేదా.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ప్రతిదీ లీడే మీద వేసుకుంటే టీమ్ ఏం నేర్చుకుంటుంది? న్యాయమైన మాటే. తప్పంతా తనదేనని చెప్పుకోవడంలో కూడా అహంకారం ఉంటుంది, మిగతావాళ్ళని చిన్నపిల్లల్ని చేస్తుంది. 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లని పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. ఆవిడ ఇచ్చిన వివరణ, వాళ్ళు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా ఎక్కువ చెప్పారని. కాబట్టి బయట లీడ్ ఒక్కడే జవాబు చెప్పినా, గది లోపల మాత్రం ఎవరు ఏం చేశారో పూసగుచ్చినట్టు బయటికి రావాలి. లోపల చెప్పే ధైర్యం రావాలంటే, అది బయటికి పేరుతో సహా పోదన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని నేను ఒక్క వాక్యంతో పోగొట్టాను.

ఆ తర్వాత నెలల తరబడి మా టీమ్‌లో ఎవరూ తమ పొరపాటు తామై చెప్పలేదు. తప్పులు తగ్గాయని నేను సంబరపడ్డాను కూడా.

ఆ సంవత్సరం కుర్రాడి రేటింగ్ పడిపోయింది. కొన్నాళ్ళకి వేరే ఉద్యోగం చూసుకున్నాడు. చివరి రోజు కింద టీ తాగుతుంటే, "అన్నా, ఆ రోజు మీరు చెప్పకపోయినా నేనే చెప్పేవాణ్ణి. అన్‌మ్యూట్ చేసుకుంటున్నా, ఈలోగా మీరు చెప్పేశారు" అన్నాడు. కోపంగా ఏం అనలేదు. అప్పటిదాకా అతన్ని కాపాడలేకపోయానని మాత్రమే బాధపడుతూ వచ్చాను. "నేను చేశాను" అని తనంతట తాను చెప్పుకునే అవకాశం కూడా లాగేసుకున్నానని అప్పుడర్థమైంది. ధవన్ కలామ్‌కి మిగిల్చింది సరిగ్గా ఆ అవకాశాన్నే.

ఆనాటి ఇన్సిడెంట్ డాక్యుమెంట్ ఇంకా ఆఫీసు వికీలో ఉంది. ఈమధ్య తెరిచి, కారణాల కింద రెండు వాక్యాలు నా పేరుతో చేర్చాను. ఒకటి రివ్యూ గురించి, ఒకటి పర్మిషన్ గురించి. అది ఇప్పుడెవరూ చదవరు. అతని రేటింగూ మారదు. లింక్ అతనికి పంపుదామని రెండుసార్లు మెసేజ్ టైప్ చేశాను. ఇంకా పంపలేదు.