ఎంచుకోవడం వేరు, వరించడం వేరు

దమయంతి నలుణ్ణి 'ఎంచుకుంది' అని ఎవరూ చెప్పరు, 'వరించింది' అంటారు. రెండూ ఒకటే కదా అనిపించొచ్చు. కానీ తేడా ఉంది. పెళ్ళి సంబంధాలు చూసుకునే వయసులో ఉన్న మనకి అది బాగా పనికొచ్చే తేడా.

'ఎంచు' అచ్చ తెలుగు మాట. దాని అసలు అర్థం లెక్కపెట్టడం. తమిళంలో 'ఎణ్' అంటే అంకె, కన్నడంలో 'ఎణిసు' అంటే లెక్కించు. అన్నీ ఒకే కుటుంబం. లెక్కపెట్టి, బేరీజు వేసి, ఒకదాన్ని తీసుకోవడమే ఎంచుకోవడం. ఓట్ల 'ఎన్నిక' కూడా ఈ ఇంటిదే. 'తప్పులెంచడం'లో ఉన్నదీ ఇదే క్రియ. లెక్క మొదలుపెడితే గుణాల దగ్గర ఆగదు, లోపాల దాకా వెళ్తుంది. మ్యాట్రిమొనీ యాప్‌లో ఎత్తు, జీతం, ఊరు అని ఫిల్టర్లు పెట్టేటప్పుడు మనం చేసేది అక్షరాలా ఎంచడమే.

'వరించు' సంస్కృతంలోని 'వృ' ధాతువు నుంచి వచ్చింది. వరుడు, వరం, స్వయంవరం అన్నీ అక్కడివే. యజ్ఞానికి ఋత్విక్కులను కోరి నియమించుకోవడాన్ని 'వరణం' అంటారు. 'మీరే కావాలి' అని నోటితో చెప్పడం అది. చెప్పాక ఆ మాటకి కట్టుబడాలి.

ఇప్పుడు కథ చూడండి. 11వ శతాబ్దంలో, మన రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు భారతం తెలుగు చేస్తూ అరణ్యపర్వంలో చెప్పిన కథే ఇది. హంస చెప్పిన గుణాలు విని దమయంతి నలుణ్ణి ఇష్టపడింది. అంటే మొదట జరిగింది ఎంచడమే. కానీ స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు కూడా నలుడి రూపంలోనే కూర్చున్నారు. లెక్కలో చూస్తే వాళ్ళదే పైచేయి. ముసలితనం లేదు, చావు లేదు. ఆమె మాత్రం 'నేను మనసులో వరించింది నలుణ్ణే' అన్న సత్యాన్ని పట్టుకుని ఆ దేవతలనే వేడుకుంది. అప్పుడు గుర్తులు తెలిశాయి. దేవతలు రెప్ప వాల్చరు, చెమట పట్టదు, పాదాలు నేలకి ఆనవు. నలుడికి చెమట పట్టింది, దుమ్ము అంటింది, దండ వాడింది. ఎంచేవాళ్ళకి అవి లోపాలు. ఆమెకి అవే ఆనవాళ్ళు.

అసలు పరీక్ష పెళ్ళయ్యాక వచ్చింది. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని, అడవిలో నిద్రపోతున్న ఆమెను వదిలేసి వెళ్ళిపోయాడు. ఎంచిన లెక్క అంతా సున్నా అయింది. అయినా ఆమె తన మాట వదల్లేదు. అలాగని ఏడుస్తూ కూర్చోనూ లేదు. పుట్టింటికి చేరి, అతన్ని వెతకడానికి మనుషుల్ని పంపింది. రెండో స్వయంవరమని ఋతుపర్ణుడికి కబురు పెట్టి, అతని సారథిగా ఉన్న నలుణ్ణి రప్పించింది. పరీక్షించి, అడగాల్సింది అడిగాకే దగ్గరకి రానిచ్చింది. కాబట్టి వరించడమంటే హింసని నోరు మూసుకుని భరించడం అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే ఎంచడం తప్పా? తప్పు కాదండీ. బియ్యంలో రాళ్ళు ఏరకుండా ఎవరూ ఎసట్లో పోయరు. మన పెద్దలు 'ఏరి కోరి' అంటారు. ఏరడం ముందు, కోరడం తర్వాత. మన ఇబ్బందల్లా ఏరడం దగ్గరే ఆగిపోవడం. కోడ్ రాసేవాణ్ణి కాబట్టి నాకు అర్థమయ్యే భాషలో చెబుతాను. సార్ట్ చేసిన లిస్టులో పైనున్నవాళ్ళని తీసుకుంటే, రేపు అంతకంటే పైన ఇంకొకరు వస్తారు. ఈలోగా జీతం మారుతుంది, జుట్టు ఊడుతుంది, ఆన్‌సైట్ రద్దవుతుంది. లిస్టు మాత్రం ఎప్పటికీ పూర్తవదు.

దేవుడి దగ్గరా అంతే. ఏ గుడికెళ్తే పనవుతుందని లెక్కేసుకుని తిరిగితే, పని కాని రోజున గుడి మార్చేస్తాం. 'ఇష్టదైవం' అన్న మాటలో ఆ లెక్క లేదు.

ఈ వారం ఎవరికైనా 'సరే' చెప్పబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. మీరు చూసిన మార్కులన్నీ రేపు సగమైపోయినా ఈ మనిషే కావాలా అని మిమ్మల్ని మీరే అడిగి చూడండి. అవుననిపిస్తే మాటివ్వండి.

శుభం.