కారణం లేని ప్రయాణం

"ఎందుకెళ్తున్నావు?" ఊరు దాటబోయే ఆడదానికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. పెళ్ళికో, పురిటికో, మొక్కుకో, పరీక్షకో అని చెప్పగలిగితే గడప దాటడం సులువు. "ఊరికే" అంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం నేనూ, మా పక్కింటి ఆపా భువనగిరి కోట చూడ్డానికి వెళ్ళాం. యాకుత్‌పురాలో లోకల్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు వెళ్ళే బండి పట్టుకున్నాం. అక్కణ్ణించి 50 కిలోమీటర్లు కూడా ఉండదు. 52 ఏళ్ళ ఆపా పాతబస్తీలో 30 ఏళ్ళుగా మగ్గం ముందు కూర్చుని చీరలకు జర్దోజీ పని చేస్తోంది. ఇంత దగ్గరి కోటను ఎప్పుడూ చూడలేదు.

పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయిన కొండ అది. కొండంతా ఒకటే బండ. ఆపా ఒక చేత్తో బుర్ఖా అంచు ఎత్తిపట్టుకుని మెల్లగా ఎక్కింది. పైన గాలికి కూర్చుని రొట్టెలు తిన్నాం. "ఇంట్లో ఏమని చెప్పొచ్చావ్?" అనడిగింది.

యాదగిరిగుట్ట దర్శనానికని అమ్మతో చెప్పాను. జబ్బుపడ్డ చుట్టాన్ని పలకరించి వస్తానని ఆపా చెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. సాహిత్యంలో స్త్రీల ప్రయాణాల గురించి వ్యాసాలు రాసిన నాకు, అమ్మ ముందు "ఊరికే" అన్న మాట నోటికి రాలేదు.

నెల తర్వాత ఆపా కూతురు, స్నేహితురాళ్ళతో ఒక రోజు ఎక్కడికైనా వెళ్ళొస్తానంది. తండ్రి వద్దన్నాడు. "మీ అమ్మ ఎన్నడైనా అట్లా తిరిగిందా?" అన్నాడట. ఆపా నోరు మెదపలేకపోయింది. నాతో చెప్తున్నప్పుడు ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

అబద్ధం పాపమా అన్నది కాదు నా ప్రశ్న. అడిగే హక్కు లేనివాళ్ళకు నిజం చెప్పి తీరాలని నేననుకోను. ఎన్నో తరాల ఆడవాళ్ళు చిన్న చిన్న అబద్ధాలతోనే కాస్త ఊపిరి తీసుకున్నారు. కానీ ఆ అబద్ధం నియమాన్ని ముట్టుకోదు. ఆడవాళ్ళు దేవుడి కోసమో, చుట్టాల కోసమో తప్ప కదలరనే మాటకు మేమిద్దరం ఇంకో సాక్ష్యం ఇచ్చి వచ్చాం. ఆ రోజు మాకు దక్కింది, ఆ అమ్మాయికి అది దారి కాలేదు.

అదే భువనగిరిలో 1944లో ఆంధ్రమహాసభ జరిగింది. ఆ పక్కనే ఉన్న కొలనుపాక కోడలు ఆరుట్ల కమలాదేవి సాయుధపోరాటంలో పనిచేసి, 1952లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికైంది. ఆ పోరాటంలోని స్త్రీల కథలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. వాళ్ళు గడప దాటడానికి పెద్ద కారణం ఉంది. అంత కారణం లేని ఆడవాళ్ళకూ ఒక ఆదివారం, ఒక కొండ అవసరమే కదా? ఆ చరిత్ర ఎవరు రాస్తారు? ముందు మనం ఒప్పుకుంటే కదా!

మొన్న అమ్మతో చెప్పేశాను, ఆ రోజు గుట్టకు కాదు, కోటకు వెళ్ళానని. ఆపాను కూడా చెప్పమని అడగలేదు. నిజానికి నేను చెల్లించేదీ ఆమె చెల్లించాల్సిందీ ఒకటి కాదు.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మెట్లు బాగా ఎత్తుగా ఉంటాయా?" అనడిగింది.