బలానికే లేమ్మా!

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల కాలేజీలో వక్తృత్వపు పోటీ పెట్టారు. విషయం: "మోసంతో వచ్చిన బహుమతిని తిరిగి తీసుకోవాలా, వద్దా?" ఇలాంటివి ఇచ్చేవాళ్లకేం, ఇచ్చేసి ఊరుకుంటారు. తంటా అంతా ఇంట్లో ఉన్న తల్లులది. "నువ్వు నవలలు రాస్తావుగా అమ్మా, నాలుగు ముక్కలు చెప్పవూ?" అంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అందులో చెప్పడానికేముందే? మోసమైతే తీసేసుకోవలసిందే!" అన్నాను పోపు వేస్తూ. నవలల్లో ఇలాంటి తీర్పులు అధ్యాయానికొకటి చొప్పున ఇచ్చేసిన దాన్ని. నాకదో లెక్కా?

"మోసం చేసింది ఒకరూ, బహుమతి వచ్చింది ఇంకొకరికీ అయితే?"

పోపు మాడింది.

అది ఎక్కడెక్కడో చదివి తెచ్చుకున్న కథ అప్పుడు చెప్పింది. మీలోనూ కొందరికి కొత్త కావచ్చు గనక చెబుతాను.

1973లో యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో మొట్టమొదటి ప్రపంచ జలక్రీడల పోటీలు జరిగాయి. ఆడవాళ్ల ఈతలో మొత్తం 14 పందేలు. వాటిలో 10 బంగారు పతకాలు ఒక్క తూర్పు జర్మనీయే పట్టుకుపోయింది. మిగిలిన నాలుగింటిలో అమెరికాకు మూడు, ఇటలీకి ఒకటి. అంతకు ముందు ఏడాదే, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో, ఈ తూర్పు జర్మనీ ఆడపిల్లలకు ఈతలో ఒక్క బంగారమూ రాలేదు. కోటీ డెబ్భై లక్షల జనం ఉన్న చిన్న దేశం! ఏడాది తిరిగేసరికి ఏ చెరువులో ఏ దేవత మునిగి వరమిచ్చిందో అని లోకమంతా ముక్కున వేలేసుకుంది. కోర్నేలియా ఎండర్ అనే పిల్ల రెండు పందేలు సొంతంగా గెలిచింది. ఆ పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ వయసులో మన పిల్లలు జడ వేస్తాను రమ్మంటే కుదురుగా కూర్చోరు!

మరి గుట్టేమిటి? అందరి కళ్లూ ఆ పిల్లల బట్టల మీద పడ్డాయి. వాళ్లు వేసుకున్నవి పల్చగా, చర్మంలా ఒంటికి అతుక్కుపోయే కొత్తరకం ఈత దుస్తులు. అమెరికా పిల్లలవేమో ముందు చిన్న గౌను ముక్క వేలాడే పాతరకం. "ఓహో, ఇదన్నమాట కిటుకు!" అనుకుని మిగతా దేశాలూ బట్టలు మార్చే పనిలో పడ్డాయి. ఆడవాళ్లు గెలిచినా ఓడినా లోకం ముందు చూసేది కట్టుబట్టే గదా!

కాని మూడేళ్ల తరువాత, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో, ఆడవాళ్ల ఈతలో 13 బంగారాలకు 11 మళ్లీ వాళ్లే గెలిచారు. అమెరికా పిల్ల షర్లీ బాబషాఫ్‌కు నాలుగు వెండి పతకాలు వచ్చాయి. నాలుగింటిలోనూ ముందున్నది తూర్పు జర్మనీయే. ఆమెకు ఒళ్లు మండి, ఆ భుజాలేమిటి, ఆ మగ గొంతులేమిటి అని పైకే అనేసింది. గొంతుల మాట అడిగితే, "మేం ఈదడానికి వచ్చాం, పాటలు పాడడానికి కాదు" అని అటువైపు నుంచి జవాబు వచ్చిందని చెప్పుకుంటారు. పత్రికలు ఎవరి పక్షం చేరాయనుకున్నారు? ఓర్వలేనిదని షర్లీకే మూతిముడుపుల పేరు తగిలించాయి. ఉన్నమాట అన్న ఆడదానికి ఏడుపుగొట్టు అన్న బిరుదు దక్కడం మన వీధికే పరిమితం కాదన్నమాట.

1989లో బెర్లిన్ గోడ కూలింది. దాంతోపాటు కొన్ని బీరువాల తలుపులూ తెరుచుకున్నాయి. బ్రిగిట్టె బేరెన్‌డోంక్ అని, ఒకప్పుడు డిస్కస్ విసిరిన ఆవిడ, ఆమె భర్త వెర్నర్ ఫ్రాంకే అనే శాస్త్రజ్ఞుడూ కలిసి ఆ కాగితాలు వెలికి తీశారు. 1991లో ఆవిడ పుస్తకమే రాసింది. ఏ పిల్లకు ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో డాక్టర్లు స్వయంగా మన కిరాణా పద్దులా రాసిపెట్టుకున్నారు. మగ హార్మోనులాంటి మందు అది. నీలం రంగు మాత్ర. మందులు వాడడం అంతకు ముందే మొదలైనా, 1974లో దాన్ని ఏకంగా ప్రభుత్వ పథకం చేసేశారు. మొత్తం మీద పదివేల మంది దాకా క్రీడాకారులకు ఈ మందులు అందాయని అంచనా. వాళ్లలో పదీ పన్నెండేళ్లకే క్రీడల బడికి ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు ఎందరో. తల్లిదండ్రులకు చెప్పలేదు. పిల్లలు అడిగితే, "వైటమిన్లు" అన్నారు.

రికా రైనిష్ అనే అమ్మాయి పదిహేనేళ్లకే 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మూడు బంగారాలు గెలిచింది. ఆ తరువాత అండాశయాల జబ్బుతో ఈతే మానుకోవలసి వచ్చింది. పెద్దయ్యాక కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పింది. 2000 సంవత్సరంలో ఆ దేశపు క్రీడలకు ఒకప్పుడు పెద్దగా వెలిగిన మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, డాక్టర్ హెప్నర్‌ను కోర్టు దోషులంది. శిక్ష వేసింది గాని, జైలుకు పోనక్కర్లేకుండా వేసింది. ఇంతకీ రికా తన జబ్బును అన్నిటికంటే పెద్ద అన్యాయమని అనలేదు. ఆ మందు లేకుండా నేను గెలిచేదాన్నా అన్నది నాకు ఎప్పటికీ తెలియకుండా చేశారే, అదీ అసలు ద్రోహం అంది.

"ఇప్పుడు చెప్పమ్మా, పతకాలు తీసేసుకోవాలా?" అంది మా అమ్మాయి.

నేను జవాబు చెప్పలేదు. "వైటమిన్లు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

నాలుగేళ్ల కిందట మా ఆడపడుచు గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం, ఇంటినిండా చుట్టాలు. తేదీలు లెక్క చూస్తే సరిగ్గా ఆ రోజుకు అమ్మాయి బయట ఉంటుంది. కొత్త ఇంట్లో పిల్లను ఎక్కడ కూర్చోబెట్టను? వచ్చినవాళ్లందరికీ ఏమని చెప్పను? మందుల షాపుకెళ్లాను. డాక్టరు చీటీ లేదు. ఆ అబ్బాయి ఎన్నిసార్లు ఇచ్చాడో ఎందరికిచ్చాడో, నేను నోరు విప్పేలోపే అర్థం చేసుకుని మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి పాలగ్లాసుతోపాటు అందించాను. "ఏమిటమ్మా ఇది?" అని అడిగింది. "బలానికే లేమ్మా, నీరసంగా ఉన్నావు" అన్నాను.

మారు మాట్లాడకుండా మింగింది. మాట వినే పిల్ల అని అందరి దగ్గరా చెప్పుకుని మురిసిపోతుంటాను గదా, ఆ మాట వినే పిల్ల.

వ్రతం బ్రహ్మాండంగా జరిగింది. "ఏ అడ్డూ రాలేదు, అంతా దైవకృప" అన్నారు మా అత్తగారు. మరుసటి నెల పిల్ల మెలికలు తిరిగిపోయింది. "ఎప్పుడూ ఇలా లేదేమమ్మా?" అంటే, "వయసుతో వస్తుందిలే" అన్నాను. అది రెండో అబద్ధం.

పోపుగరిటె పక్కన పెట్టి ఆ సంగతి అంతా అప్పుడు చెప్పేశాను. కోపగించుకుంటుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "అప్పుడే చెబితే వేసుకునేదాన్నేమో. అత్తయ్య ఇల్లు కదా" అంది. మళ్లీ తనే, "వేసుకునేదాన్నో, వద్దనేదాన్నో… ఇప్పుడెలా తెలుస్తుందమ్మా?" అంది.

రికా రైనిష్ కోర్టుకెక్కి అడిగిందీ ఇదే గదా!

నన్ను నేను సమర్థించుకోవచ్చు. వాళ్లు దేశం డప్పు కోసం చేశారు, నేను ఇంటి పరువు కోసం చేశాను. వాళ్లు కీడని తెలిసే ఏళ్ల తరబడి ఇచ్చారు, నేను తెలియక నాలుగు రోజులు ఇచ్చాను. నిజమే, రెండూ ఒక తూకానికి రావు. కాని తెలియదన్న మాట ఎంతవరకు నిజం? తెలుసుకోవాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళితే పిల్లను తీసుకెళ్లాలి, పిల్లకు చెప్పాలి. ఆ చెప్పడం తప్పించుకోవడానికే గదా షాపుకెళ్లింది! అబద్ధం ఆడవలసి వచ్చిందంటేనే, నిజం చెబితే వద్దంటుందేమోనన్న భయం నాలో ఉన్నట్టే. వద్దనే హక్కు దానికుందని నా మనసుకు తెలుసు. అందుకే అడగలేదు.

"పిల్లల మంచికోసమే" అంటాం. బలవంతంగా సైన్సు గ్రూపులో చేర్పించినా, సంబంధం ఖాయం చేసి తరువాత చెప్పినా ఆ మాటే. మంచి జరిగితే జరగవచ్చు కూడా. ఆ ఈతగత్తెల్లో కొందరు నేటికీ పతకాలు దాచుకున్నారు. తెల్లవారకముందే లేచి చన్నీళ్లలో మేం పడిన కష్టం అబద్ధం కాదుగదా అంటారు. కాదు మరి! ఇంకొక ఆమె తన కంచు పతకాన్ని కోర్టులోనే నేలకు విసిరికొట్టిందని పత్రికలు రాశాయి. ఇద్దరి బాధా నాకు అర్థమవుతుంది. ఇద్దరికీ పోయింది ఒకటే: తన ఒంటి మీద తాను చెప్పవలసిన అవునూ, కాదూ.

ఇక ఆ పతకాల సంగతి. పాత ఫలితాలు మార్చమని అడిగితే ఒలింపిక్ సంఘం 1998లో కుదరదంది. షర్లీకి 2005లో ఒక గౌరవ పురస్కారం ఇచ్చారు. దానితో నాలుగు వెండి పతకాలు బంగారం అయిపోతాయా? మా అమ్మాయికి నాకు తోచింది చెప్పాను. ఆ పది పతకాలూ, పదకొండు పతకాలూ దేశం పద్దులోంచి కొట్టేయాలి. ఎందుకు కొట్టేశారో పక్కనే రాయాలి. రెండోస్థానం వాళ్లకు బంగారం ఇవ్వాలి. పిల్లల మెడలోంచి మాత్రం లాక్కోకూడదు. వాళ్లంతట వాళ్లు ఇస్తే పుచ్చుకోవాలి, అట్టే పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వాలి. అక్కడైనా వాళ్లను అడగాలి గదా!

"ఒక పందేనికి ఇద్దరి దగ్గర బంగారమా? జడ్జీలు ఒప్పుకోరమ్మా" అంది. ఒప్పుకోలేదు కూడాను. రెండో బహుమతి వచ్చింది.

నిన్న డాక్టరు రక్తం తక్కువగా ఉందని దానికి ఐరన్ మాత్రలు రాశారు. రాత్రి భోజనమయ్యాక ఇస్తే, అట్ట వెనక్కి తిప్పి అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టింది. ఇదివరకటి నేనైతే, "కన్నతల్లి మీద నమ్మకం లేదటే?" అని కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని. అది చదవడం పూర్తయ్యేదాకా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.