ర్యాంకు – తూకమా, కిరీటమా?

మొన్న ఇషా నమాజు తర్వాత తెలిసినవారి ఇంట్లో కూర్చున్నాము. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరికీ ఫోనులో బీజీఎంఐ ఆడే అలవాటుంది. 2020లో మన దేశంలో పబ్జీ మొబైల్‌ను నిషేధించిన తర్వాత, 2021లో దాని స్థానంలో వచ్చిన తుపాకుల ఆట అది. పెద్దవాడు 'ప్లాటినం' శ్రేణికి చేరుకున్నాడు. చిన్నవాడు ఇంకా 'బ్రాంజ్'లోనే ఉన్నాడు. "భాయ్, నన్నూ నీ జట్టులో చేర్చుకో" అని చిన్నవాడు బతిమాలాడు. "నీతో ఆడితే నా పాయింట్లు పోతాయి, పో" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడు మారు మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

తల్లి మమ్మల్ని అడిగింది: "మౌలానా సాబ్, ఈ ర్యాంకులు కనబడకుండా ఉంటే ఈ గొడవే ఉండదు కదా! తప్పు ర్యాంకుదా, నా కొడుకుదా?"

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేము. నమాజును, చదువును మింగేసే వినోదం ఏదైనా నష్టమే. అందులో సందేహం లేదు. కాని ఆమె అడిగింది వేరు. ఒక మనిషి నైపుణ్యాన్ని కొలవడం, ఆ కొలతను అతని పేరు పక్కన అందరికీ కనబడేలా తగిలించడం న్యాయమేనా?

ముందు ఈ కొలత ఎక్కడిదో తెలుసుకుందాం. అమెరికాలో స్థిరపడిన హంగేరీ సంతతి భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆర్పాద్ ఈలో చదరంగం ఆటగాళ్ళ కోసం ఒక లెక్క తయారుచేశాడు. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించింది. బలవంతుణ్ణి ఓడిస్తే ఎక్కువ పాయింట్లు వస్తాయి, బలహీనుణ్ణి ఓడిస్తే తక్కువ వస్తాయి. ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఈ ఇద్దరూ తలపడితే ఎవరు గెలిచే అవకాశం ఎంత? ఎవరు మంచివాడు, ఎవరు గౌరవనీయుడు అన్నది అది చెప్పదు. నేటి తుపాకుల ఆటలు వాడే లెక్కలు కూడా ఈ కోవకు చెందినవే.

ఇలా కొలవడం తప్పా? మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలంలో జరిగిన గుర్రప్పందేలను చూడండి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, పందేనికి తర్ఫీదు ఇచ్చిన గుర్రాలను హఫ్యా నుండి సనియ్యతుల్ విదా వరకు పరుగెత్తించారు. అది దాదాపు 5, 6 మైళ్ళు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యా నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు, అంటే సుమారు ఒక మైలు మాత్రమే పెట్టారు. దీన్నిబట్టి సత్తాను గుర్తించి, ఎవరి స్థాయికి తగ్గ పందెం వారికి పెట్టడం న్యాయమేనని బోధపడుతుంది. అందరినీ ఒకే బాటలో తోలడం సమానత్వంలా కనిపిస్తుంది కాని, అది బలహీనుడి పాలిట అన్యాయం అవుతుంది.

ఈనాటి అనుభవం కూడా దీన్నే బలపరుస్తోంది. 'కాల్ ఆఫ్ డ్యూటీ' ప్రచురణకర్తలు 2024లో ఒక నివేదిక వెలువరించారు. ఆటగాళ్ళను కలిపేటప్పుడు నైపుణ్యానికి ఇచ్చే ప్రాధాన్యం తగ్గించి చూస్తే, ఆట మధ్యలో వదిలి వెళ్ళేవారు పెరిగారని, మేటి ఆటగాళ్ళు తప్ప మిగతావారు తిరిగి రావడం తగ్గిందని అందులో రాశారు.

కనుక కొలత తప్పు కాదు. మరి దాన్ని పైకి చూపడం సంగతేమిటి? చాలా ఆటల్లో జోడీ కట్టే అంకె వేరుగా, లోపల దాగి ఉంటుంది. పైకి కనబడేది బిళ్ళ మాత్రమే. న్యాయమైన పోటీకి ఆ బిళ్ళ అక్కర్లేదు. అలాగని దానివల్ల ప్రయోజనమే లేదనలేము. 2007లో వచ్చిన 'హేలో 3'లో ర్యాంకు ఆటలు, సరదా ఆటలు వేరు వేరుగా ఉండేవి. ర్యాంకు ఆటల్లో 1 నుండి 50 వరకు అంకె కనబడేది. 2012లో 'హేలో 4' ఆ అంకె లేకుండానే వచ్చింది. పోటీ ఆటగాళ్ళు అసంతృప్తి చెందారు. 2013లో మళ్ళీ ర్యాంకు తెచ్చారు. సాధన చేసేవాడు తానెక్కడున్నాడో తెలుసుకోవాలనుకుంటాడు. అది సహజం. నిజమైన అద్దం మనిషిని ఆత్మవంచన నుండి కాపాడుతుంది కూడా.

కాని అద్దం కిరీటంగా మారిన చోట రోగం మొదలవుతుంది. కొందరు డబ్బిచ్చి పెద్ద ర్యాంకు ఉన్న ఖాతాలు కొంటారు. తమది కాని ఘనతను తొడుక్కుని తిరుగుతారు. మరికొందరు నిపుణులు కొత్త ఖాతా తెరిచి, చిన్న ర్యాంకు చాటున దాగి, నేర్చుకునేవారిని వేటాడి ఆనందిస్తారు. ఇది తప్పుడు తూనికరాయి వాడే వర్తకుడి పని కాదా? తూనికలో మోసం చేసేవారి గురించి దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. తూకం బియ్యానిదే కానక్కర్లేదు, సత్తాది కూడా తూకమే.

సరదాగా ఆడేవారికి కూడా ఒక మాట చెప్పాలి. 'కౌంటర్ స్ట్రైక్', 'వేలొరెంట్' పోటీ ఆటల్లో జట్టుకు ఐదుగురు ఉంటారు. పోటీకని వచ్చిన నలుగురి మధ్య చేరి, "నాకిది కాలక్షేపమే" అని ఆటను గాలికి వదిలేసేవాడు వారి సమయాన్ని పాడుచేస్తున్నాడు. అతని కోసం సరదా ఆటలు వేరుగా ఉన్నాయి. అక్కడ ఆడుకోవడం నామోషీ కాదు. పోటీ ఆటగాడు కూడా అక్కడికి వెళ్ళి, సరదాగా ఆడేవారిని ఎగతాళి చేయకూడదు. ఎవరి మైదానంలో ఉంటే అక్కడి హక్కులు నెరవేర్చాలి.

మేము ఆ తల్లితో ఇలా అన్నాము: "అమ్మా! ర్యాంకు తూకమైనంతవరకు దానిలో తప్పు లేదు. మీ అబ్బాయి దాన్ని కిరీటం చేసుకుని, తమ్ముణ్ణి అందులోంచి చూశాడు. తప్పు అక్కడ జరిగింది." పెద్దవాణ్ణి పిలిచి ఒక్కటే అడిగాము: "నీ పాయింట్లు పోతే మళ్ళీ ఆడి తెచ్చుకోగలవు. తమ్ముడి మనసు విరిగితే ఏ ఆట ఆడి తెచ్చుకుంటావు?" అతను తల దించుకున్నాడు.

సోదర సోదరీమణులారా! మహాప్రవక్త (సఅసం) గారి ఒంటె 'అజ్బా'ను పందెంలో ఏ ఒంటే దాటలేకపోయేది. ఒకరోజు ఒక పల్లెవాసి తన ఒంటెపై వచ్చి దాన్ని దాటేశాడు. సహచరులకు బాధ కలిగింది. లోకంలో పైకెత్తబడిన ప్రతిదాన్నీ ఏదో ఒకనాడు కిందికి దించడం అల్లాహ్ నియమమని ఆయన వారికి తెలియజెప్పారు. నేటి ఆటల్లో కూడా ఒక సీజన్ ముగిసి మరొకటి మొదలైతే చాలా ర్యాంకులు కిందికి దిగిపోతాయి. మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర వారికి ఈ ఒంటె సంగతి చెప్పండి. వారానికి ఒక్కసారైనా పాయింట్లు లేని ఆటలో అన్న తమ్ముణ్ణి తన జట్టులో చేర్చుకునేలా చూడండి.