పూర్వపక్షం ఎవరు చెప్పాలి?

మదనపల్లె దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో నేను పెట్టిన చర్చ ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. ‘ఇది 1921. మీరంతా మద్రాసు శాసనమండలి సభ్యులు. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా, వద్దా?’ అని చీటీలు తీయించాను. ‘వద్దు’ అన్న చీటీ రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయికి వచ్చింది.

అయిదు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడింది. ఆడదానికి బయటి సంగతులు ఏం తెలుసు, తెలిసినా మొగుడు చెప్పిందే కదా వేస్తుంది, ఒక ఇంటికి రెండు ఓట్లు ఎందుకు, మాట మీరితే ఆ ఇల్లు ఇల్లుగా ఉంటుందా? క్లాసంతా చప్పట్లు. పదికి తొమ్మిది వేశాను. బెల్లు కొట్టాక ఆ పిల్ల కదల్లేదు. నోట్సులో దేనికోసమో వెతుకుతున్నట్టు తల వంచుకునే అంది: “నేనేం తయారు కాలేదు మేడం. అవన్నీ మా నాయన మాయమ్మతో అనే మాటలే.”

ఎదుటి పక్షంలో మాట్లాడిన అబ్బాయికి అది గంటసేపు ఆట. ఈ పిల్లకు ఇల్లు. రోజూ అమ్మ మీద పడుతున్న మాటల్ని నేను ఆమె నోట పలికించి, బాగా పలికావని మార్కులిచ్చాను. ఆ తొమ్మిది మార్కులతో నేను కొలిచిందేమిటి?

ఇట్లాంటి విషయం మీద అసలు చర్చే పెట్టకూడదు, మనిషి విలువ వాదించి తేల్చేది కాదు అన్నారు తోటి టీచరు ఒకరు. ఆమె బాధ నాకర్థమైంది గానీ ఒప్పుకోలేకపోయాను. కాదన్నవాళ్ల మాట వినిపించకుండా ఈ చరిత్ర చెబితే, ఓటు ఎవరో దయతలచి చేతిలో పెట్టిన వాయనం అనుకుంటారు పిల్లలు. మా ఊరికి దగ్గర్లోనే, మదనపల్లె దివ్యజ్ఞాన సమాజ కళాశాలలో, మార్గరెట్ కజిన్స్ ఉండేవారు. 1919లో జనగణమనకు స్వరలిపి రాసిన మనిషిగా ఆమె పేరు మా పిల్లలందరికీ తెలుసు. ఆడవాళ్ల ఓటు కోసం ఇంగ్లండులోనూ సొంత దేశం ఐర్లండులోనూ జైలుకు వెళ్లి వచ్చిన మనిషని మాత్రం తెలియదు. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండి మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసిన మహిళా బృందం వెనక ఉన్నదీ ఆమే. అంత చేసినా 1919 భారత ప్రభుత్వ చట్టం తేల్చలేదు, మీరే చూసుకోండని రాష్ట్రాల మండళ్లకు వదిలేసింది. 1921లో మద్రాసు ఒప్పుకుంది. బెంగాల్ అదే ఏడు కాదంది, 1925 దాకా ఒప్పుకోలేదు. కాదన్నవాళ్లు ఏం చెప్పి కాదన్నారో తెలియకపోతే ఔనన్నవాళ్ల కష్టం తెలిసేదెట్లా?

నాకు దారి దొరికింది బడిలో కాదు. సెలవుల్లో మా మేనత్తతో కలిసి బ్రహ్మసూత్ర భాష్య ప్రవచనానికి వెళ్లేదాన్ని. ప్రతి అధికరణంలోనూ ముందు విషయం, తర్వాత సందేహం, ఆ తర్వాత పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన, చివరికి సిద్ధాంతం. పూర్వపక్షం ఎంత గట్టిగా ఉంటుందంటే, ఇక దీనికి జవాబు లేదేమో అనిపిస్తుంది. ఒకరోజు వింటూ వింటూ ఉలిక్కిపడ్డాను. ఈ పూర్వపక్షం చెబుతున్నది ఎవరు? భాష్యం రాసిన శంకరులే. తాను ఖండించబోయే మాటను అంత బలంగా నిలబెట్టే బరువు తానే మోశారు. నేనేమో చీటీ తీయించి ఆ బరువును పద్నాలుగేళ్ల పిల్ల నెత్తిన పెట్టాను.

న్యాయశాస్త్రం నిజం తేల్చుకోవడానికి మాట్లాడేదాన్ని వాదం అంటుంది, గెలవడానికి మాట్లాడేదాన్ని జల్పం అంటుంది. నేను వాదం అనుకుని జల్పానికి మార్కులు వేస్తూ వచ్చాను.

ఆ మరుసటేడు నుంచి పూర్వపక్షం నాదే. చరిత్రలో దాన్ని అందరికంటే బాగా చెప్పినవాళ్ల దగ్గర తెచ్చుకుంటాను. 1889లో ఇంగ్లండులో మాకు పార్లమెంటు ఓటు వద్దంటూ 104 మంది స్త్రీలే సంతకాలు చేశారు. ముందు నిలిచింది నవలా రచయిత్రి మేరీ వార్డ్. రాజ్యం చివరికి బలం మీద నిలిచేది, సైన్యం, నౌకాదళం నడిపేది మగవాళ్లు, ఆ భారం మోయనివాళ్లు దాని మీద తీర్పు చెప్పడం ఏం న్యాయం అన్నది వాళ్ల వాదం. బెంగాల్‌ను విడగొట్టిన కర్జన్ కూడా తర్వాత ఆ పక్షానికి నాయకుడయ్యాడు. ఇదంతా నమ్మినదానిలాగే చెబుతాను, ఎక్కడా తేల్చి మాట్లాడను. ఒకసారి ఒక అబ్బాయి లేచి, “యుద్ధం చేసేవాళ్లకే ఓటంటే మా తాతకుండకూడదు మేడం, ఆయన కర్ర లేకుండా లేవలేడు” అన్నాడు. అది ఖండనం. ఆ 104 మందిలో ఒకరైన బియాట్రిస్ పాటర్ 1906లో నా పొరపాటు అని బాహాటంగా ఒప్పుకున్న సంగతి ఆ తర్వాతే చెబుతాను.

మార్కుల సంగతి వస్తే నాకు ఉభయభారతి గుర్తొస్తుంది. శంకరుడు, మండనమిశ్రుడు వాదిస్తుంటే ఆమె మధ్యవర్తి. ఇద్దరి మెడలోనూ దండలు వేసి, ఎవరిది వాడితే వాళ్లు ఓడినట్టు అందట. కోపమెక్కి ఒళ్లు కాగినవాడి పూలు వాడతాయి. గొంతుకు నేను మార్కులివ్వను. ముందు నా మాటను నాకే తిరిగి చెప్పాలి, ‘ఔను, నేనన్నది ఇదే’ అని నేను ఒప్పుకునేట్టు. సగం మార్కులు దానికే. అది ఎక్కడ తెగుతుందో ఆధారంతో చూపిస్తే మిగతావి. నా మాటల్లో దేనికి జవాబు దొరకలేదో దాచుకోకుండా రాసిన పిల్లలకు రెండు విడిగా పెట్టాను. ఆ రెండు వేసేటప్పుడు నా చేతికి ఉండే సంతోషం వేరు.

పిల్లల మధ్య చర్చ మానెయ్యలేదు. రెండు పక్కలా ఆడదాని గౌరవమే ఉన్న ప్రశ్న వెతికాను. 1921లో ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. ఆస్తి ఆడవాళ్ల పేరున ఎక్కడుంది గనక? 1935 చట్టం ఆ చిక్కును విప్పబోయి, ఆస్తిపరుడి భార్య గనక ఈమెకూ ఓటు అంది. రాజ్యాంగం వచ్చి అందరికీ ఇచ్చింది. తీరా 1951–52 ఎన్నికల జాబితాలు రాయబోతే, ముఖ్యంగా ఉత్తరాదిలో, లక్షలాది స్త్రీలు సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యను, ఫలానావాడి కూతుర్ని అన్నారు. పేరు చెప్పాల్సిందేనని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ఆయన చేసింది సరేనా? పేరు అడగడం గౌరవమా, పేరు చెప్పలేదని ఓటు తీసెయ్యడం అన్యాయమా? దీనికి చీటీలు అక్కర్లేదు. పిల్లలు తమంతట తామే రెండుగా చీలిపోతారు, పీరియడ్ మధ్యలో కొందరు అటునుంచి ఇటు వస్తారు.

‘వద్దు’ చీటీ వచ్చిన ఆ అమ్మాయి అప్పటికి పదో తరగతి. ఈ ప్రశ్నకు జవాబు ఒకటిన్నర పేజీ రాసింది. సేన్ గారు సరే, కానీ ఇంకా గడువు ఇచ్చి ఇంటింటికీ ఆడమనుషుల్ని పంపి అడిగించాల్సింది అంది. తర్వాత ఒక లైను వదిలి రాసింది: ‘మా జేజిని అందరూ జేజీ అనో, మా నాయన పేరు చెప్పి ఆయనమ్మ అనో అంటారు. పేరేమిటో నాకు తెలియదు. ఆదివారం ఆమె ఓటరు కార్డు తీసి చూశాను.’ కింద ఆ పేరు ఇంటిపేరుతో సహా పెద్ద అక్షరాల్లో రాసి, స్కేలు పెట్టి రెండు గీతలు గీసింది.