ఋణమా? కర్తవ్యమా? – ఇడో భాషలో ‘దెవార్’ క్రియ

1907లో పారిస్‌లో సమావేశమైన ఒక అంతర్జాతీయ సంఘం ఎస్పెరాంతో భాషను కొన్ని మార్పులతో స్వీకరించాలని తీర్మానించింది. ఆ మార్పుల నుంచి రూపొందిన కృత్రిమ భాషే ఇడో. దాని నిర్మాతలలో ప్రముఖుడైన లూయీ కూతురా తత్త్వవేత్త, తర్కశాస్త్రజ్ఞుడు. ఒక పదానికి ఒకే అర్థం ఉండాలన్నది ఆయన ఆదర్శం. ఆ ఆదర్శం ఒక పాత నైతిక ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చిన తీరు ‘దెవార్’ అనే క్రియలో కనిపిస్తుంది.

‘దెవార్’ అంటే నైతికంగా చేయవలసి ఉండటం. దీని మూలం లాటిన్ ‘దేబేరే’. ‘నుంచి’ అనే అర్థం గల ‘దే’, ‘కలిగి ఉండు’ అనే అర్థం గల ‘హబేరే’ కలిసి ఆ క్రియ ఏర్పడింది. ఒకరికి చెందవలసినదాన్ని తన వద్దే ఉంచుకోవడం, అనగా బాకీపడటం, దాని తొలి అర్థం. ‘చేయవలసి ఉండటం’ దాని నుంచి విస్తరించినది. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషలలో దీని సంతతి పదాలు నేటికీ రెండర్థాలనూ మోస్తున్నాయి. ఇడో మాత్రం వాటిని విడదీసి, బాకీకి ‘దెబార్’, కర్తవ్యానికి ‘దెవార్’ అన్నది.

ఈ విభజన న్యాయమేనా? ఋణానికి ఋణదాత ఉంటాడు. తీర్చగానే అది ముగుస్తుంది. ఋణదాత దాన్ని మాఫీ చేయవచ్చు. సత్యం పలకడమనే కర్తవ్యం ఒకసారి పలికినందున తీరిపోదు. దాన్ని మాఫీ చేయగలవాడూ లేడు. కర్తవ్యమంతా ఋణమే అయితే, మనకు ఏ మేలూ చేయని అపరిచితుని ఆకలి మన బాధ్యత కాకుండా పోతుంది. నీతి ఇచ్చిపుచ్చుకొనే లెక్కగా కుదించుకుపోతుంది.

అయినా ఋణభావన నిరర్థకం కాదు. దేవతలకు, ఋషులకు, పితరులకు బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋణగ్రస్తుడని తైత్తిరీయ సంహిత చెప్పింది. తాను అడగకుండానే పొందినవాటిని గుర్తించే వినయం ఆ భావనలో ఉంది. అదే సంహితలో ఋణవిమోచన మార్గమూ ఉంది: యజ్ఞం, బ్రహ్మచర్యం, సంతానం. కాగా ‘కర్తవ్యం’ అనే సంస్కృత పదం ‘చేయు’ అనే ధాతువు నుంచి పుట్టింది. అందులో బాకీ ప్రసక్తి లేదు. ఎవరి వద్ద ఏమి పొందామన్న ప్రశ్నా లేదు.

కనుక ఇడో చేసిన విభజన తర్కసమ్మతమే. ఋణం కర్తవ్యానికి ఒక కారణం కాగలదు గాని, దాని నిర్వచనం కాజాలదు. అయితే ‘దెబార్’, ‘దెవార్’ పదాల మధ్య ఉన్నది ఒక్క హల్లు భేదమే. కృతజ్ఞత నుంచి కర్తవ్యాన్ని వేరుచేసి చూడవచ్చు. వాటి బంధుత్వాన్ని మాత్రం చెరిపివేయలేము.