ఆశ్రయం లేని వస్తువు

బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మెటీరియల్‌ను, అంటే వస్తువు ఉపరితలానికి రంగునూ మెరుపునూ ఇచ్చే అమరికను, ఎంత శ్రమపడి తయారుచేసినా, దృశ్యంలోని ఏ వస్తువూ దాన్ని వాడుకోనప్పుడు దాని వినియోగ సంఖ్య సున్నాకు పడిపోతుంది. ఫైలును సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచేసరికి అది కనిపించదు. ఉనికికి మూలం వస్తువు స్వభావమా, లేక ఇతరాలతో దానికున్న సంబంధమా అన్న పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో ఎదురవుతుంది. ప్రతిదీ ఇతర కారణాలను ఆశ్రయించే ఉంటుందన్న బౌద్ధ దార్శనికుడు నాగార్జునుని మాధ్యమిక దర్శనానికి ఈ ఏర్పాటు దగ్గరగా తోచినా, పోలిక పూర్తిగా పొసగదు: ఆయన దృష్టిలో ఆశ్రయమున్నదే శూన్యం (శూన్యమంటే లేకపోవడం కాదు, స్వతంత్ర స్వభావం లేకపోవడం), సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆశ్రయం లేనిదే లేనిది.

పోయినదాని విషయంలో న్యాయ వైశేషిక దార్శనికుల మాటే నిక్కచ్చి. పుట్టకముందటి లేమిని ప్రాగభావమనీ, నశించాక మిగిలే లేమిని ప్రధ్వంసాభావమనీ వారు వేరుచేశారు. మొదటిదానికి అంతముంది, రెండవదానికి లేదు. అందుకే అదే మెటీరియల్‌ను అచ్చంగా అలాగే మళ్లీ చేసినా, అది వేరొకటే అవుతుంది. అలా పోకుండా ఉండాలంటే, బ్లెండర్‌లో మెటీరియల్ పేరు పక్కనున్న డాలు గుర్తును నొక్కి ‘ఫేక్ యూజర్’ అనే కల్పిత వినియోగదారుణ్ణి ముందే తగిలిస్తే సంఖ్య ఒకటవుతుంది, మెటీరియల్ ఫైలులో నిలుస్తుంది.